‘ఎర్గోస్టెరాల్’లో కోడిపుంజు ముల్లు

సీతాఫల్‌మండి నుంచి: డిగ్రీ పిల్లల కోసం ఒక పాఠం తెలుగు చేస్తూ రెండు రోజులుగా ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. “యూజినాల్ కాండిడా జీవక్రియను ప్రభావితం చేస్తుంది” అని రాస్తే మా ఆవిడ చదివి, “ప్రభావితం అంటే పెంచిందా, చంపిందా?” అంది. లవంగనూనెలో ఘాటు చాలావరకు ఈ యూజినాల్‌దే. కాండిడా నోట్లో తెల్లపూత తెచ్చే శిలీంధ్రం. మన కణాల పొరలో కొలెస్టెరాల్ ఉన్నట్టే దాని పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. యూజినాల్ తగిలితే ఎర్గోస్టెరాల్ తయారీ తగ్గి, పొర సడలి, లోపలి సరుకు బయటికి కారుతుందని ప్రయోగశాలల్లో చూశారు. “జీవక్రియ” తీసేసి “పొర కట్టుకోనివ్వదు” అనొచ్చా? ఎర్గోస్టెరాల్‌కి తెలుగు మాట ఏదైనా ఉందా?

పటాన్‌చెరు నుంచి: మాట లేదు గానీ చుట్టరికం ఉంది సార్. ఎర్గాట్ అంటే ఫ్రెంచిలో కోడిపుంజు కాలి ముల్లు. రై అనే ధాన్యానికి వచ్చే ఒక శిలీంధ్రపు తెగులు పేరూ అదే. ఈ తెగులు సోకిన రై కంకిలో గింజ ఉండాల్సిన చోట నల్లగా, వంకరగా ముల్లులాంటిది పొడుచుకొస్తుంది. 1889లో టాన్రే అనే ఫ్రెంచి ఆయన ఎర్గోస్టెరాల్‌ను వేరుచేసింది దాన్నుంచే. అదే కోవ తెగులు మన సజ్జకీ జొన్నకీ వస్తే తేనెబంక తెగులు. ముందు కంకి నుంచి తియ్యటి బంక కారుతుంది, ముల్లు తర్వాత వస్తుంది. మనవాళ్లు బంకను చూసి పేరు పెట్టారు, వాళ్లు ముల్లును చూసి పెట్టారు.

ఉప్పల్ నుంచి: అయితే ‘తేనెబంకస్టెరాల్’ అని పెడ్తరా ఏంది? పోరగాళ్లు పరీక్షల ఏం రాస్తరు పాపం! ఎర్గోస్టెరాలే ఉండనియ్యండి.

పటాన్‌చెరు నుంచి: నేనూ అదే అంటున్నా. యూజినాల్ మాత్రం తక్కువ తిన్నదా? లవంగం చెట్టు పాత శాస్త్రీయనామం యూజీనియా. అది యూరప్‌లోని సవోయ్ రాజవంశపు సేనాపతి, రాకుమారుడు యూజీన్ పేరు. మన పోపులపెట్టెలో ఓ సేనాపతి!

నాచారం నుంచి: “పొర కట్టుకోనివ్వదు” నాకు నచ్చలేదండీ. కాండిడాకి పొర ముందే ఉందిగా. “పొరను నిలవనీయదు” అనండి. “జీవక్రియ”ను మాత్రం పూర్తిగా తీసేయొద్దు. పదో తరగతిలో శ్వాసా, విసర్జనా అన్నీ “జీవక్రియలు” అనే చదివొస్తారు కాబట్టి, ఇక్కడ కణం లోపలి రసాయన మార్పుల సంగతని ఒక్క ముక్క చెప్పాలి.

సీతాఫల్‌మండి నుంచి: ఇలా మార్చాను: “యూజినాల్ కాండిడా కణంలో ఎర్గోస్టెరాల్ తయారీకి అడ్డుపడి, దాని పొరను నిలవనీయదు.” జీవక్రియ వివరం కింద పెట్టాను. మా ఆవిడ పాస్ చేసింది. ఇప్పుడు “శిలీంధ్రం బదులు బూజు అంటే పోదా?” అంటోంది. గోడ మూల సాలెగూడూ బూజే, ఆవకాయ మీద పట్టేదీ బూజేనాయె. ఏమంటారు?