సమస్య: సంధి లేని చోట సందు గలదు

నిర్వాహకుడు: సమ్ + ధా అంటే కూర్చి పెట్టడం. అందులోంచి 'సంధి', దాని వికృతి 'సంది', ఆ వరుసలోనే 'సందు'. కలిపే మాట కాస్తా ఖాళీకి పేరైంది. ఇదే చివరి పాదంగా నాలుగు పాదాల పద్యం పూరించండి.

కొల్లాపూర్ మామిడి:
అచ్చు పక్క నచ్చు నంటకుండిన వేళ
నడుమ దూరి చేరు నయముగా య
మేనయల్లుఁ డనుచు మెచ్చెను మన సూరి
సంధి లేని చోట సందు గలదు

దేవరకొండ: రెండు అచ్చుల నడుమ య వచ్చి చేరే యడాగమాన్ని భలే పట్టినారు. కానీ 'మెచ్చెను' ఎక్కడిది? అత్తునకు, అంటే పొట్టి అకారానికి, సంధి బహుళం, అయినా కావచ్చు కాకపోనూ వచ్చు అన్నడు వ్యాకరణం రాసిన చిన్నయసూరి. మేనల్లుడూ సరే, మేనయల్లుడూ సరే. ఇంకోటి, య దూరినంక సందు ఎక్కడ మిగిలింది? బిరడా కొట్టిన సీసాకు మూతి తెరిచి ఉందన్నట్టుంది.

కొల్లాపూర్ మామిడి: సందుంటేనే గదా దూరేది! 'మెచ్చెను' మాత్రం యతి కోసమే, పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరాలె గదా, ఒప్పుకుంటున్న.

డిండి వాగు:
ఎండ కుబ్బు బండ లెడమీయకున్నచో
పగులు పుట్టి నడుమ పైకి లేచు
మేస్త్రి మరచెనేని మిద్దె తాఁ జెప్పురా
సంధి లేని చోట సందు గలదు

10 మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతది. విడిచిన సందును సిమెంటుతో నింపితే గట్టిపడి మళ్ళీ పగులే. తారు పోయాలె, అది ఒత్తిడికి లొంగుతది.

నిర్వాహకుడు: సంస్కృతం నుంచి వచ్చిన 'సందు' పక్కన అచ్చతెనుగు 'ఎడము'ను కూచోబెట్టి, దాని మీదే యతి నిలిపినవు. ఈ వారం ఇదే ముందుంది.

మూసీ ఒడ్డు: నాది ప్రస్తుతానికి ఒక్క పాదం.
వాన లేక రేగడంత నెర్రెలు వాసె

దేవరకొండ: 'వా'కు 'డం'తో యతా మూసీగారూ? ఇట్ల తిప్పండి: "వాన లేక నేల వాసె నెఱ్ఱెలు చూడ". ఊహ మాత్రం అందరికన్నా మీదే బాగుంది. గోడకైతే అతుకులుంటయి, రేగడి ఒక్కటే ముద్ద. తడికి ఉబ్బిన బంకమన్ను ఆరి కుంచించుకుపోతే అతుకే లేని చోట నెర్రె పడుతది. మాట కూడా పాతదే: నెఱియ.

మూసీ ఒడ్డు: 'నెఱియ'లో బండి ఱ బాగనే గుర్తుంది. ప్రాసంటే పాదాల రెండో అక్షరం ఒకటే కావాలె గదా, మొన్నటి కందపద్యంలో 'కఱవు'కు 'పరువు'తో ప్రాస కట్టినప్పుడు ఎటు పోయిందో?

దేవరకొండ: అది ఒప్పుకున్న కవులున్నరు.

నిర్వాహకుడు: ర, ఱ పంచాయితీ ఇంకోనాడు. మూసీగారూ, రెండు పాదాలు బాకీ.