మెడలతో కొట్టుకుంటున్న జిరాఫీల్లో ఒకదానికి కొమ్ముల మీద జుట్టుంది, అది మగదా ఆడదా?

మాది అమలాపురం పక్క పల్లెటూరండి. నమీబియాలో నీటిగుంట దగ్గర పెట్టిన లైవ్ కెమెరా చూస్తుంటా, మొన్న రాత్రి మనకి 1:50కి, అంటే అక్కడ 10:20కి, రెండు జిరాఫీలు పక్కపక్కన నిలబడి మెడలు విసిరి 6 నిమిషాలు కొట్టుకున్నాయి. పెద్దదానికి కొమ్ముల పైన బోడిగా ఉంది, మగదే. రెండోదానికి నల్లటి కుచ్చు, అది ఆడదాని గుర్తంటారు, కానీ మెడల పోట్లాట మగవాటిదే కదా!

వీడియో స్లో చేసి చూశా, కాళ్ల మధ్య అంతా చీకటే. మా పశువుల డాక్టరుగారేమో గేదెల సంగతి అడగండి చెప్తా అని నవ్వేశారు. కుర్ర మగవాటికీ కుచ్చు ఉంటుందని చదివా గానీ ఇది ఎత్తులో పెద్దదానికంటే జానెడే తక్కువుంది.

కొమ్ములు కాకుండా, దూరం నుంచి మగా ఆడా తేల్చే గుర్తు ఇంకేముందండీ?