650 రూపాయల ఎస్‌ఎంపీఎస్ పెట్టా, పెళ్ళి ఫోటోలున్న హార్డ్ డిస్క్ లేవడం లేదు

కావలి_స్టూడియో

అన్నలకు నమస్కారం. కావలిలో చిన్న ఫోటో స్టూడియో నాది. ఆల్బమ్ డిజైనింగ్, కొంచెం వీడియో మిక్సింగ్ చేస్తా. పోయిన నెల సిస్టమ్‌లో పాత ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా) పోయింది. ముహూర్తాల సీజన్, పని ఆగకూడదని ఇక్కడే ఒక షాపులో 650 రూపాయలకి కొత్తది తెచ్చి పెట్టించా. పైన 450 వాట్స్ అని ఇంత లావు అక్షరాలతో ఉంది. "ఏదైనా ఒకటే అన్నా, లోపల ఉండేది అదే" అన్నాడు షాపతను. సరే అనుకున్నా.

పెట్టిన దగ్గర్నుంచి రెండు తేడాలు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడల్లా సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేది. పాత దానితో ఎప్పుడూ అలా అవలేదు. రెండోది, క్యాబినెట్‌కి మోకాలు తగిలితే జివ్వుమనేది. మా ఆవిడ తుడుస్తా ఉండి ఒకసారి చెయ్యి వెనక్కి లాక్కుంది. చెప్పులేసుకుని తుడువు అన్నా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

మొన్న గురువారం రాత్రి వీడియో రెండర్ పెట్టి అన్నానికి పోయా. టప్‌మని శబ్దం వచ్చిందంట, మా వాడు వీధిలో ఎవరో టపాకాయ కాల్చారనుకున్నాడు. నేను వచ్చేసరికి స్క్రీన్ నల్లగా ఉంది, గదంతా కాలిన వాసన.

ఫ్రెండ్ దగ్గర మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి పెట్టా. బోర్డు, ఎస్‌ఎస్‌డీ బతికాయి. 2 టీబీ హార్డ్ డిస్క్‌కి పవర్ వైరు పెడితే మాత్రం సిస్టమ్ ఆన్ కావడం లేదు, ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంది. వైరు పీకేస్తే మామూలుగా ఆన్ అవుతుంది. అందులో మూడు పెళ్ళిళ్ళ ఫోటోలున్నాయి. రెండు పెళ్ళిళ్ళ కెమెరా మెమరీ కార్డులు అప్పుడే ఫార్మాట్ చేసేశా. ఒక పెళ్ళికూతురి నాన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు. టెన్షన్‌తో నిద్ర లేదు. ఐ5 ప్రాసెసర్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. దారి చెప్పండి.

ఒంగోలు_సోల్డర్

తమ్ముడూ, ముందు ఆ డిస్క్‌ని మళ్ళీ మళ్ళీ పెట్టి చూడటం ఆపు. నువ్వు చెప్పిన లక్షణం విని నాకైతే కొంచెం ఆశ కలిగింది.

డిస్క్ తిప్పి చూడు. అడుగున ఉన్న ఆకుపచ్చ బోర్డు మీద, పవర్ వైరు గుచ్చే చోటుకి దగ్గర్లో నల్లగా చిన్న డయోడ్లు రెండు ఉంటాయి. టీవీఎస్ డయోడ్లంటారు, బండ్ల కంపెనీకీ వీటికీ సంబంధం లేదు. ఒకటి 12 వోల్టుల లైనుకి, ఇంకోటి 5 వోల్టుల లైనుకి కాపలా. వోల్టేజి హద్దు మీరి వస్తే అవి షార్ట్ అయిపోయి, వెనకున్న చిప్పుల దాకా పోనివ్వవు. అంటే అవి చచ్చి డిస్క్‌ని బతికిస్తాయి. నీ ఫ్రెండ్ ఎస్‌ఎంపీఎస్ ఆ షార్ట్ చూసి ఆగిపోతా ఉంది. మంచిది గనక ఆగింది. ఆ 650ది అయితే ఆగకుండా కరెంటు తోసి బోర్డు మసి చేసేది.

మల్టీమీటర్ పెడితే షార్ట్ అయిన డయోడ్ సున్నా దగ్గర చూపిస్తుంది. దాన్ని పీకేస్తే డిస్క్ చాలాసార్లు మామూలుగా తిరుగుతుంది. నువ్వు చెయ్యొద్దు. హాట్ ఎయిర్ మిషన్ (వేడిగాలితో టంకం కరిగించేది) ఉన్న సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడికివ్వు, పది నిమిషాల పని. తర్వాత దానికి కాపలా ఉండదు కాబట్టి మంచి ఎస్‌ఎంపీఎస్ మీదే పెట్టి, మొత్తం డేటా వేరే డిస్క్‌లోకి తీసుకుని దాన్ని పక్కన పెట్టెయ్. డయోడ్లు బాగానే ఉన్నాయంటే కథ వేరు. ఎవడో అదే మోడల్ బోర్డు మార్చేస్తా అంటాడు. ఊరికే మారిస్తే పనిచెయ్యదు, పాత బోర్డు మీది ఎనిమిది కాళ్ళ రోమ్ చిప్పు (ఆ డిస్క్ సొంత వివరాలు దాచుకునేది) కొత్తదానికి మార్చాలి. సీలు వేసిన పై మూత మాత్రం ఎవరినీ విప్పనివ్వద్దు.

ఇంకో మాట. కాలిపోయిన దాని లేబుల్ మీద 12వీ అనే గడి కింద ఎన్ని ఆంప్స్ అని రాసుందో చూసి చెప్పు.

కావలి_స్టూడియో

14ఏ అని ఉంది అన్నా.

ఒంగోలు_సోల్డర్

పన్నెండు పద్నాలుగులు 168. నువ్వు కొన్నది 168 వాట్ల సరుకు, అదీ లేబుల్ నిజం చెప్పి ఉంటే. ఈ కాలం సిస్టమ్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల మీదే బతుకుతాయి. మిగతా లైన్ల అంకెలన్నీ కూడి 450 చేస్తారు, ఒక్కోసారి అది కూడా కూడరు. నీ కార్డు ఒక్కటే 75 వాట్ల దాకా లాగుతుంది, ప్రాసెసర్ 65 అని రాసున్నా రెండర్ పెడితే అంతకు మించే తీసుకుంటుంది. ఆపైన డిస్కులు, ఫ్యాన్లు. గంటసేపు అలా నడిస్తే అది పేలక ఏమవుతుంది?

ఇన్వర్టర్ సంగతి. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టర్ అందుకునేలోపు సిస్టమ్‌ని నడిపేది ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్లు, అంటే కరెంటు కాసేపు నిలవ ఉంచేవి. మంచిది ఫుల్ లోడ్‌లో సుమారు 16 మిల్లీసెకన్లు లాక్కొస్తుంది. చవకవాటిలో వేలెడంత పొట్టివి పెడతారు, అందుకే ఊపిరి అందక పడిపోయింది. అయినా నీ ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఎకో అని స్విచ్ ఉందేమో చూసుకో. ఎకోలో ఉంటే మారడానికి ఎక్కువసేపు పడుతుంది.

నా బల్ల మీద ఇలాంటివి ఎన్ని విప్పానో లెక్కలేదు. (మీరు విప్పొద్దు. ప్లగ్ పీకినా ఆ కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు.) కరెంటు లోపలికొచ్చే చోట ఫిల్టర్ కాయిల్ బొమ్మ అచ్చేసి ఉంటుంది, కాయిల్ ఉండదు. దాని చోట రెండు తీగముక్కలు వేసి కలిపేసి ఉంటారు. పక్కన ఇంకో నాలుగు గడులు ఖాళీ. వేడి లాగే రేకు, అదే హీట్ సింక్, అప్పడం మందాన ఉంటుంది. డిజైన్ గీసినవాడికి అన్నీ తెలుసు, పెట్టొద్దన్నవాడు వేరే.

చీమకుర్తి_లెక్కలు

నేను గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తా. మా దగ్గర ఎస్‌ఎంపీఎస్ ఎంత మంచిదైనా దుమ్ము చంపేస్తుంది. ఒకసారి ఫ్యాన్ విప్పితే లోపల ముగ్గుపిండి పోసినట్టుంది. వానాకాలం ఆ పొడి చెమ్మెక్కి పేస్టులాగా అంటుకుంటుంది. ఇప్పుడు నెలకోసారి ప్లగ్ పీకి, ఫ్యాన్ రెక్క తిరక్కుండా పుల్ల అడ్డం పెట్టి బ్లోయర్ కొడతా. ఏడాదికి రెండు మార్చేవాళ్ళం, ఇప్పుడున్నది మూడో ఏడు.

సింగరాయకొండ_మెడికల్స్

అందరూ భయపెడుతున్నారు గానీ, నా షాపు బిల్లింగ్ సిస్టమ్‌లో 600 రూపాయలది ఎనిమిదేళ్ళుగా నడుస్తా ఉంది. ఒక్క రోజు ఇబ్బంది పెట్టలేదు.

ఒంగోలు_సోల్డర్

నడుస్తుంది బాబాయ్, కాదనను. గ్రాఫిక్స్ కార్డు లేని బిల్లింగ్ సిస్టమ్ అరవై వాట్లు తింటే గొప్ప. దానికి నేనూ మూడువేలది కొనమని చెప్పను. ఒక్క పని చేయండి, రాత్రి షాపు మూసేటప్పుడు గోడ స్విచ్ కూడా ఆపండి. షట్‌డౌన్ చేసినా లోపల 5 వోల్టుల స్టాండ్‌బై లైను రాత్రంతా నడుస్తానే ఉంటుంది. పాతరకం చవకవాటిలో అక్కడ ఒక చిన్న కెపాసిటర్ ఎండిపోతే ఆ అయిదు కాస్తా ఎగబాకి, తెల్లారేసరికి మదర్‌బోర్డు పోయి ఉంటుంది. ఎనిమిదేళ్ళంటే ఎండే వయసే.

కావలి తమ్ముడూ, జివ్వుమనే సంగతి మర్చిపోయా. దానికి ఎస్‌ఎంపీఎస్‌ని ఒక్కదాన్నే తిట్టకు. కరెంటు లోపలికొచ్చే చోటి ఫిల్టర్‌లో రెండు చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కి కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఇనప ఒంటి మీద 115 వోల్టుల దాకా తేలుతుంది. కరెంటు తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. ఎర్త్ లేకపోతే పదివేలది పెట్టినా అంతే. కాకపోతే చవకదాంట్లో ఆ కెపాసిటర్లు ఆ పనికి చేసినవి కాకపోవచ్చు. అలాంటిది షార్ట్ అయితే జివ్వుమనడంతో ఆగదు. చెప్పులతో పని కాదు, సాకెట్ విప్పించి చూడు.

కావలి_స్టూడియో

అన్నా, నీ కాళ్ళు మొక్కాలి. సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడు 12 వోల్టుల వైపు డయోడ్ పీకాడు. మీటర్‌లో కుయ్‌మని అరిచింది అదే. డిస్క్ పెట్టగానే గుర్రుమని తిరిగింది. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, ఆ పిల్లోడు నవ్వాడు. 150 తీసుకున్నాడు. రాత్రి రెండింటిదాకా కూర్చుని మూడు పెళ్ళిళ్ళూ కాపీ చేశా. పెళ్ళికూతురి నాన్నకి పొద్దున్నే నేనే ఫోన్ చేశా.

నెల్లూరు పోయి, లేబుల్ చదివి, 12వీ కింద 36ఏ ఉన్న 450 వాట్లది తెచ్చా. చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తా ఉంది, పాతది దీని ముందు ఖాళీ డబ్బా. ఇన్వర్టర్ నిజంగానే ఎకోలో ఉంది, మార్చా.

సాకెట్ విప్పించా. మూడో పిన్నుకి వైరే లేదు. ఇల్లు కట్టి పదకొండేళ్ళు. ఎర్త్ లాగడానికి ఎలక్ట్రీషియన్ రేపొస్తా అన్నాడు. అని మూడు రోజులైంది. అందాకా మా ఆవిడ ఆ గదిలోకి చీపురు తీసుకుని రానంటా ఉంది.