కథోలిక మిషనాలజిస్టుల అంతర్జాతీయ సంఘం: దక్షిణాసియా సభ్యులం కలిసి పనిచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరి గట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఒక సెమినరీలో (గురువులయ్యేవాళ్లు చదివే చోట) శ్రీసభ (కథోలిక చర్చి) చరిత్ర, మిషనాలజీ (సువార్త ప్రచారం గురించిన శాస్త్రం) చెబుతాను. కథోలిక మిషనాలజిస్టుల అంతర్జాతీయ సంఘం గురించి ఇక్కడ కొందరికి తెలిసే ఉంటుంది. 2000లో రోములో మొదలైంది, 2004లో బొలీవియాలోని కొచబాంబాలో, 2007లో పోలండులోని పియెనెజ్నోలో పెద్ద సభలు జరిగాయి. ఇలాంటి సభల్లో మంచి పేపర్లు వింటాం, భోజనాల దగ్గర "మనం కలిసి ఏదైనా చేయాలి ఫాదర్" అని ఒకరికొకరం చెప్పుకుంటాం, తిరిగొచ్చాక ఎవరి క్లాసులు వాళ్లవి, ఎవరి మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) పనులు వాళ్లవి.

ఇప్పుడు ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్తాన్‌లలో ఉన్న కొందరం ఒక ప్రాంతీయ బృందంగా ఏర్పడాలని అనుకుంటున్నాం. మెయిళ్లు నడుస్తున్నాయి కానీ వాటిలో ఎక్కువ భాగం కన్వీనర్ ఎవరు, దేశానికి ఒక ప్రతినిధి ఉండాలా ఇద్దరా, పదవీకాలం ఎన్నేళ్లు, ఇవే. ఏం పని చేస్తామన్నది ఎవరూ రాయడం లేదు. నాకు ఇది నచ్చడం లేదు, కానీ బదులుగా ఏం చెప్పాలో కూడా స్పష్టత కావాలి. దక్షిణాసియా వరకే ఉండాలా, మొత్తం ఆసియానా? ఏదో ఒక కేంద్రానికి అప్పజెప్పేయాలా? డబ్బు ఎలా? ఇంకొకటి, ఇదంతా ఇంగ్లీషులోనే జరిగితే తెలుగులో పనిచేసేవాళ్లకు ఇందులో చోటు ఎక్కడ? అనుభవం ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

పూణే నుంచి ఒక సిస్టర్:

ఫాదర్ గారూ, ముందు ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోండి. పూణేలో ఎస్.వి.డి. అనే మిషనరీ గురువుల సంస్థ వాళ్ల ఈశ్వాని కేంద్ర 1976 నుంచి ఈ పనే చేస్తోంది. భారతీయ మిషనాలజిస్టుల సహవాసం అని ఒకటి ఉంది, ఏటేటా ఒక అంశం పెట్టుకుని కూర్చుని ఆ పేపర్లు పుస్తకంగా వేసే అలవాటు వాళ్లది. బెంగళూరులో బిషప్పుల జాతీయ కేంద్రం ఎన్.బి.సి.ఎల్.సి. ఉంది, ధర్మారాం విద్యాసంస్థ ఉంది. మీరు కొత్త బోర్డు కట్టి వీళ్లందరికీ పోటీగా నిలబడితే, పిలవాల్సిన ఆ ఇరవై ముప్పై మందే ఇక్కడా అక్కడా తిరగాలి. అంతర్జాతీయ సంఘం తరఫున ప్రాంతీయ సహకారం అంటే, నా ఉద్దేశంలో, ఇండియాలో ఉన్న ఈ బృందాన్ని ఢాకాలో, కొలంబోలో, ఖాట్మండులో ఒంటరిగా పనిచేస్తున్నవాళ్లతో కలపడం. బంగ్లాదేశ్‌లో మిషనాలజీ చదివిన ఒక ఫాదర్ తన సెమినరీలో ఆ సబ్జెక్టు చెప్పే ఏకైక మనిషి అయి ఉండొచ్చు, ఆయనకు కావలసింది పదవి కాదు, రాసినదాన్ని చదివి తప్పొప్పులు చెప్పే తోటివాళ్లు.

దక్షిణాసియానా మొత్తం ఆసియానా అన్నారు కదా. ఆసియా పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 1974లో తైపే సభలో పేదలతో, సంస్కృతులతో, ఇతర మతాలతో సంభాషణ అనే మూడింటినీ ముందు పెట్టింది, అవి ఆసియా అంతటికీ సరిపోయే మాటలే. అయినా పని దగ్గరికొచ్చేసరికి మనల్ని కలిపేది మన చట్టాలు. ఒరిస్సాలో 1967లో, మధ్యప్రదేశ్‌లో 1968లో మతమార్పిడి మీద చట్టాలు వచ్చాయి, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. శ్రీలంకలో 2004లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణ మరొకరి మతం మార్పించడాన్ని నిషేధించింది. పాకిస్తాన్ సంగతి చెప్పనక్కర్లేదు. సువార్తకు సాక్ష్యం ఇవ్వడం అంటే ఇలాంటి చోట ఏమిటి, ఒక ఉపదేశి (ఊళ్లో జపాలు నేర్పే గృహస్థుడు) పక్క ఊరికి వెళ్లి ప్రార్థన పెట్టాలంటే ఏం ఆలోచించుకోవాలి, ఈ ప్రశ్న మనీలాలో కూర్చున్నవారికి మనకు తగిలినట్టు తగలదు. ఈ ఐదు దేశాల పరిస్థితిని పక్కపక్కన పెట్టి చూసే పని ఒక్కటి చేసినా మీ బృందానికి అర్థం ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఉన్న సాక్ష్యాలు ఎక్కడా బహిరంగంగా పెట్టకండి. ఇందులో అజాగ్రత్తగా ఉంటే దెబ్బ తగిలేది రాసిన మనకు కాదు, ఊళ్లో ఉన్నవాళ్లకు.

ఇంకొకటి. ఇది ఎవరి సొంత కోరికా కాదు. రెండవ వాటికన్ మహాసభ 1965లో మిషన్ పని మీద ఇచ్చిన 'ఆద్ జెంతెస్' పత్రం 22వ పేరాలోనే ఉంది, పెద్ద సామాజిక సాంస్కృతిక ప్రాంతం ఒక్కొక్కదానిలో ఇలాంటి వేదాంత పరిశోధన జరగాలని. మీ పీఠాధిపతికి ఉత్తరం రాసేటప్పుడు ఆ పేరా జతచేయండి.

అకౌంట్లు చూసేవాడిని:

డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. మెయిళ్లలో ఎవరైనా "జర్మనీలోని ఆఖెన్‌లోనో రోములోనో ఒక సంస్థ నుంచి గ్రాంటు తెచ్చి ఇండియాలో ఒక కేంద్రంలో పెట్టి, అక్కడి నుంచి మిగతావాళ్లకు పంచుదాం" అని రాసి ఉంటే వెంటనే ఆపించండి. 2020 సవరణ తర్వాత మన విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) ప్రకారం ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ సొమ్మును మరొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు, అవతలి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. సొమ్ము ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. అంటే జీతంతో ఒక సెక్రటరీ, ఒక ఆఫీసు గది అనే ఊహ మొదటి ఏడాదే ఇబ్బందిలో పడుతుంది. ఇవి తెలియక మంచి ఉద్దేశంతో చేసిన పని వల్ల ఒక సంస్థ రిజిస్ట్రేషన్‌కే ముప్పు వస్తే, దాని మీద ఆధారపడ్డ హాస్టలు పిల్లలూ, డిస్పెన్సరీ పేషెంట్లూ నష్టపోతారు, ఆ టెన్షన్ మీరు పడలేరు.

మరి ఎలా అంటే, డబ్బు ఒకచోట పోగుచేయకుండా నడిచే పద్ధతి పెట్టుకోండి. ఆతిథ్యం ఇచ్చే సెమినరీ గదులు, భోజనం చూసుకుంటుంది, రైలు టికెట్టు ఎవరి మేత్రాసనం వాళ్లు పెట్టుకుంటారు. పుస్తకం వేస్తే ఎవరి కాపీలు వాళ్లు ముందే కొనుక్కుంటామని మాట ఇస్తారు. విదేశీయులను ఇండియాకు పిలిస్తే టూరిస్టు వీసా మీద రమ్మనకండి, దానికి కాన్ఫరెన్స్ వీసా వేరే ఉంది, నెలల ముందే మొదలుపెట్టాలి. పాకిస్తాన్ వాళ్లతో కలవాలంటే కొలంబోనో బ్యాంకాకో నయం. ఏం చేసినా మీ ఆడిటర్‌ని అడిగాకే చేయండి.

రోములో చదువుకుంటున్న తెలుగు గురువు:

సిస్టర్ గారు చెప్పిన చట్టాల అంశం చాలా బలమైనది. దానికి నేను ఇంకొకటి కలుపుతాను, ఎందుకంటే తెలుగువాళ్లకు చోటు ఎక్కడ అని అడిగారు కాబట్టి.

మన శ్రీసభ చరిత్ర కాగితాలు చాలావరకు మన దగ్గర లేవు. పద్దెనిమిదో శతాబ్దంలో కర్ణాటక (కర్నాటిక్) మిషన్ పేరుతో మన వైపు వచ్చిన ఫ్రెంచి జెజువిట్ల (యేసు సభ గురువుల) ఉత్తరాలు ఫ్రాన్సులో, రోములో ఉన్నాయి. సంస్కృతానికీ లాటిను గ్రీకులకూ ఉన్న పోలికల గురించి 1767లో పారిస్‌కు రాసి పంపిన కూర్దూ గారు మన తెలుగు నేల మీద పనిచేసిన మనిషే, కానీ మన సెమినరీల్లో ఎంతమంది విద్యార్థులకు ఆ పేరు తెలుసు? విశాఖపట్నం వైపు ఇప్పటి ఫ్రాన్సులోని సవాయ్ ప్రాంతం గురువులు, నెల్లూరు వైపు ఇంగ్లండు మిల్‌హిల్ గురువులు, హైదరాబాదుకు 1855లో ఇటలీలోని మిలాను గురువులు వచ్చారు. ఈ మిలాను వాళ్లే తర్వాత పీమే (PIME) అనే మిషనరీ సంస్థ అయ్యారు. వరంగల్ మొదటి పీఠాధిపతి బెరెట్టా గారు కూడా వాళ్లలోనివారే.

ఇప్పుడు చూడండి, ఇదే సంస్థ గురువులు అదే 1855లో బెంగాల్‌కు వెళ్లారు, 1858లో హాంకాంగ్‌కు వెళ్లారు, తర్వాత పదేళ్లకు బర్మాలోని తౌంగూ వైపు వెళ్లారు. ఒకే చోట చదువుకున్నవాళ్లు, ఒకే పెద్దలకు ఉత్తరాలు రాసినవాళ్లు, ఒకే భాషలో రాసినవాళ్లు. హైదరాబాదులో కులం గురించి వాళ్లు పడ్డ మీమాంసనూ, బర్మా కొండల్లో కరెన్ ప్రజల మధ్య వాళ్లు నేర్చుకున్నదాన్నీ ఒకచోట పెట్టి చదివితే వచ్చే వెలుగు, ఒక్క మేత్రాసనం చరిత్ర విడిగా రాస్తే రాదు. బంగ్లాదేశ్‌లోని దినాజ్‌పూర్ నుంచి ఒకరు, యాంగోన్ నుంచి ఒకరు, హాంకాంగ్ నుంచి ఒకరు, మన వైపు నుంచి ఇద్దరు, ఇక్కడ రోములో ఆర్కైవ్‌కు వెళ్లగలిగిన ఒకరు ఉంటే చాలు. ఇది దక్షిణాసియా గీతలో ఇమడదు, నిజమే. పని ఏ చోట్లను కలుపుతుందో ఆ చోట్లే మన ప్రాంతం అనుకుంటే సరిపోతుంది.

గుంటూరు జిల్లా చరిత్ర టీచర్:

నేను గురువును కాదు, సిస్టర్‌ను కాదు, కాలేజీలో చరిత్ర చెబుతాను. రోము ఫాదర్ గారు చెప్పినది బాగుంది కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. రోములో ఉన్న కాగితాలకు ఏసీ గది ఉంది, కేటలాగు ఉంది, ఇంకో యాభై ఏళ్లయినా ఎక్కడికీ పోవు. ఇక్కడ విచారణల్లో (పారిష్‌లలో) ఉన్న జ్ఞానస్నాన రిజిస్టర్లు, ఉపదేశులు తెలుగులో రాసుకున్న నోటు పుస్తకాలు, పాటల కాగితాలు చెదలు తింటున్నాయి. పాత గురుగృహం పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు చిత్తుకాగితాల వాడికి వేసేసిన సందర్భాలు నాకు తెలుసు. ఊళ్లలో విశ్వాసం నిలబెట్టింది ఉపదేశులు. గురువు నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవారు, మిగతా రోజులు జపాలు నేర్పింది, చనిపోయినవారిని సమాధి చేసింది, తగాదాలు తీర్చింది ఉపదేశి, ఆయన భార్య. వాళ్ల మాట ఇటాలియన్ ఉత్తరాల్లో దొరికితే ఒక వాక్యంలో దొరుకుతుంది.

సిస్టర్ల సంగతీ అంతే. 1904లో హాలండు నుంచి గుంటూరుకు వచ్చిన జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సభ సిస్టర్లు బళ్లు, ఆసుపత్రులు నడిపారు, వాళ్ల కాన్వెంట్ల రోజువారీ పుస్తకాల్లో ఊరి ఆడవాళ్ల జీవితం కనిపించే అవకాశం ఎక్కువ. మిషనాలజీ సభలకు వెళ్తే వేదిక మీద కనిపించేది ఎక్కువగా గురువులే. మీ బృందం మొదటి జాబితాలోనే సగం మంది సిస్టర్లు, మాలాంటి గృహస్థులు ఉండేలా చూడండి, తర్వాత కలుపుతాం అంటే కలపరు.

తెలుగుకు చోటు గురించి నా సలహా ఒకటే. ఎవరైనా తెలుగులో, బెంగాలీలో, సింహళంలో పేపరు రాయొచ్చు, రెండు పేజీల ఇంగ్లీషు సారాంశం మాత్రం ఇవ్వాలి అని మొదటి రోజే నియమం పెట్టండి. లేకపోతే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ల సంఘంగానే మిగిలిపోతుంది, ఊళ్లో పనిచేసినవాళ్ల అనుభవం దానిలోకి రాదు.

బెంగళూరు నుంచి:

టీచర్ గారితో నేను ఏకీభవిస్తాను, కానీ ఆసియా స్థాయిని పూర్తిగా వదిలేయకండి. 2022 అక్టోబరులో బ్యాంకాక్‌లో ఆసియా పీఠాధిపతులు యాభై ఏళ్ల సభ జరుపుకున్నారు. అలాంటి చోట పీఠాధిపతుల చేతికి అందేలా మీ పని ఉండాలి, లేకపోతే పండితులు పండితుల కోసం రాసుకున్నట్టు అవుతుంది. అలాగని వాళ్ల కార్యాలయం కిందికి వెళ్లిపోకండి. పండితులకు విభేదించే స్వేచ్ఛ కావాలి, పీఠాధిపతులకు సమాచారం తెలియాలి, రెండూ కుదురుతాయి.

మరో సంగతి, హైదరాబాదు దగ్గర శంషాబాదులో 2017లో సీరో మలబారు (కేరళలో పుట్టిన తూర్పు రీతి కథోలిక శ్రీసభ) మేత్రాసనం వచ్చింది. లాటిను రీతివాళ్లం మాత్రమే కూర్చుని తెలుగు ప్రాంతంలో సువార్త గురించి మాట్లాడుకుంటే సగం చిత్రమే. వాళ్లనూ మొదటే పిలవండి.

గోదావరి గట్టు (మళ్లీ):

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నా వరకు ఒక నిర్ణయానికి వచ్చాను. పదవుల మెయిళ్లకు ఒకే జవాబు ఇస్తాను, రెండేళ్ల పాటు కన్వీనర్లు వద్దు, రెండు పనులు చాలు. మొదటిది సిస్టర్ గారు చెప్పిన ఐదు దేశాల చట్టాలూ సాక్ష్యమూ అన్న అధ్యయనం, దాన్ని పూణే బృందం ద్వారానే చేయమని అడుగుతాను. రెండోది మిలాను గురువులు పనిచేసిన చోట్ల మధ్య కాగితాల జాబితా, ఏ విచారణలో ఏం ఉంది, రోములో ఏం ఉంది, ఫోనుతో ఫొటో తీసి పెట్టినా సరే. టీచర్ గారి మాట మీద ఇక్కడి విచారణలతోనే మొదలుపెడతాం, రోము తర్వాత. మొదటి సమావేశం ఆన్‌లైన్‌లో, డబ్బు అవసరం లేకుండా. శనివారం సాయంత్రం పెట్టమంటారా? ఇంకా, పంతొమ్మిదో శతాబ్దపు ఇటాలియన్ చేతిరాత చదవగలిగేవారు మన తెలుగు సిస్టర్లలో ఎవరైనా ఉన్నారా? ఇటలీలో పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు కదా.

రోములో చదువుకుంటున్న తెలుగు గురువు:

శనివారం వద్దు ఫాదర్, విచారణల్లో ఉన్నవాళ్లకు శని ఆదివారాలు కుదరవు. సోమవారం పెట్టండి. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట అంటే వేసవిలో మన దగ్గర సాయంత్రం నాలుగున్నర, కరాచీలో నాలుగు, ఢాకాలో ఐదు, యాంగోన్‌లో ఐదున్నర, హాంకాంగ్‌లో ఏడు. అక్టోబరు చివర్లో ఇక్కడ గడియారం మారుతుంది, అప్పుడు మీకందరికీ ఒక గంట ఆలస్యమవుతుంది, ముందే చెప్పి ఉంచండి. చేతిరాత చదివే సిస్టర్లు ఇద్దరు నాకు తెలుసు, వాళ్ల మదర్ గారి అనుమతి అడిగి మీకు మెసేజ్ పెడతాను.

గుంటూరు జిల్లా చరిత్ర టీచర్:

సోమవారం నాలుగున్నరకు నాకు కాలేజీ అయిపోతుంది, వస్తాను. రిజిస్టర్ల జాబితాకు ఒక ఫారం తయారుచేస్తాను: విచారణ పేరు, పుస్తకం ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏ భాష, ఎవరి దగ్గర ఉంది, చెదలు పట్టిందా లేదా. ఫొటోలు తీసే ముందు విచారణ గురువు సంతకం తీసుకునే గడి కూడా పెడతాను. బెంగాలీ, బర్మీస్ వాళ్లు అదే ఫారాన్ని తమ భాషలో దించుకుంటే జాబితాలు కలపడం తేలికవుతుంది.