‘డానికి’ పెట్టి చూస్తే సరిపోతుందా? ఫ్రేజల్ వెర్బ్ పక్కన వచ్చే ‘టు’ మీద చర్చ

పరీక్షలవేట:
బ్యాంకు పరీక్షల ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నలు) కోసం కోచింగ్ నోట్సుల్లో ఒక చిట్కా తిరుగుతోంది. ఫ్రేజల్ వెర్బ్ (క్రియకు ‘ఇన్’, ‘అవుట్’ లాంటి చిన్న మాట చేరిన జంట) తర్వాత ‘టు’, దాని పక్కన క్రియ కనిపిస్తే తెలుగులో ‘డానికి’ పెట్టి చూడమంటారు. కుదిరితే అది పర్పస్ ఇన్ఫినిటివ్, అంటే పని ఎందుకోసమో చెప్పే ‘టు’+క్రియ; కుదరకపోతే కాదు. ‘షి డ్రాప్డ్ ఇన్ టు రిటర్న్ ద బుక్’ అంటే పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. కుదిరింది. ‘ద రూమర్ టర్న్డ్ అవుట్ టు బి ట్రూ’ అంటే ‘నిజం అవడానికి తేలింది’ అనం, ‘నిజమని తేలింది’ అంటాం. కుదరలేదు. తెలుగువాళ్లకు ఇంతకన్నా సులువైన పరీక్ష లేదని నా వాదన. కాదనేవాళ్లు ఉదాహరణ చూపించి కాదనండి.

నల్లబల్ల:
చూపిస్తాను. ‘ఐ ట్రైడ్ టు ఈట్’: తినడానికి ప్రయత్నించాను. మీ పరీక్షలో దర్జాగా పాసైంది. కానీ అది ఉద్దేశం కాదు, ‘ట్రై’ అన్న క్రియ అడిగే పూరకం, అంటే దాని అర్థాన్ని పూర్తిచేసే ముక్క. ఎందుకు ప్రయత్నించావంటే ‘తినడానికి’ అని ఎవరూ చెప్పరు. ఏం ప్రయత్నించావంటే చెబుతారు. మన ‘డానికి’ రెండు పనులూ చేస్తుంది, ఇంగ్లీషు ‘టు’ కూడా రెండూ చేస్తుంది. రెండు వైపులా ఒకే మసక ఉన్నప్పుడు ఒకదాన్ని పెట్టి రెండోదాన్ని ఎలా తేలుస్తారు?

ఇది ఒట్టి క్రియ కదా అంటారేమో, ఫ్రేజల్ వెర్బే తీసుకుందాం. ఒకటి: ‘గాంధీ సెట్ అవుట్ ఫ్రమ్ సబర్మతీ ఆన్ 12 మార్చ్ 1930 టు మేక్ సాల్ట్’. రెండు: ‘గాంధీ సెట్ అవుట్ టు బ్రేక్ ద సాల్ట్ లా’. రెండింటికీ ‘డానికి బయలుదేరాడు’ అతుకుతుంది. మొదటిది నిజంగా కాళ్లతో బయలుదేరడం. ‘టు మేక్ సాల్ట్’ కొట్టేసినా వాక్యం నిలబడుతుంది. రెండోది సంకల్పం. సబర్మతిలో కూర్చునే సంకల్పించవచ్చు. ఆ అర్థంలో ‘టు’ ముక్క కొట్టేస్తే మిగిలిన ‘గాంధీ సెట్ అవుట్’ మళ్లీ ప్రయాణమే అయిపోతుంది, సంకల్పం పోతుంది. అంటే ఆ ‘టు’ పైన అతికించింది కాదు, క్రియ ఒంట్లో భాగం.

కాబట్టి నేనైతే మూడు పనులు చేయిస్తాను. ‘టు’ బదులు ‘ఇన్ ఆర్డర్ టు’ పెట్టడం, ఆ ముక్కను వాక్యం మొదటికి లాగడం, మధ్యలో చోటో వేళో దూర్చడం. మూడింటికీ అర్థం చెక్కుచెదరకపోతే అది పర్పస్. ‘సెట్ అవుట్’ పక్కన ‘యట్ డాన్’ (తెల్లవారుజామున) దూర్చగానే సంకల్పం కాస్తా ప్రయాణంగా మారిపోవడం మీరే గమనిస్తారు.

గోదారిగట్టు:
నల్లబల్ల గారితో సగమే ఏకీభవిస్తాను. ‘డానికి’ని పూర్తిగా తీసిపారేయకండి. అది దొంగల్ని లోపలికి రానిస్తుందేమో గానీ మంచివాళ్లను బయటికి మాత్రం నెట్టదు. అది కుదరని చోట పర్పస్ లేదని దాదాపు ధీమాగా చెప్పొచ్చు.

‘పి.వి. వాజ్ చీఫ్ మినిస్టర్ ఇన్ 1971 అండ్ వెంట్ ఆన్ టు బికమ్ ప్రైమ్ మినిస్టర్ ఇన్ 1991’. ఇక్కడ ‘ప్రధాని అవడానికి కొనసాగారు’ అంటే నవ్వుతారు. తర్వాత ప్రధాని అయ్యారు, అంతే. అదే ‘వెంట్ ఆన్ టాకింగ్’ అంటే ఆ మాటే పట్టుకుని మాట్లాడుతూ పోయాడు, ‘వెంట్ ఆన్ టు టాక్ అబౌట్ వాటర్’ అంటే ఒక విషయం ముగించి నీళ్ల సంగతికి వచ్చాడు. ‘హి వోక్ అప్ టు ఫైండ్ ద హౌస్ ఎంప్టీ’ కూడా ఇంతే. ఇల్లు ఖాళీగా ఉందని కనుక్కోవడానికి ఎవడూ నిద్ర లేవడు. మనం ‘లేచి చూస్తే ఇల్లు ఖాళీ’ అంటాం. ఆ ‘చూస్తే’లో ఉన్నదంతా ఆ ‘టు ఫైండ్’లో ఉంది.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఉద్దేశం ఉండాలంటే ఉద్దేశించేవాడు ఉండాలి. ‘ద పవర్ వెంట్ ఆఫ్ టు రిపేర్ ద లైన్’ తప్పు, ‘ద పవర్ వాజ్ కట్ ఆఫ్ టు రిపేర్ ద లైన్’ ఒప్పు. కరెంటు తనంతట తాను పోతే దానికి లైను బాగుచేసే ఉద్దేశం ఉండదు. ‘వాజ్ కట్ ఆఫ్’లో తీసినవాడు తెర వెనక ఉన్నాడు. తెలుగులోనూ అంతే: ‘లైను బాగుచేయడానికి కరెంటు పోయింది’ చెవికి గుచ్చుకుంటుంది, ‘కరెంటు తీశారు’ అంటే సర్దుకుంటుంది. ఈ చోట మన చెవి ఏ ‘ఇన్ ఆర్డర్ టు’ కన్నా నమ్మదగ్గది.

చార్మినార్ చౌరస్తా:
మా దిక్కు ‘ఇయ్యనీకి వచ్చింది’ అంటం, ‘డానికి’ కాదు. పరీక్ష మాత్రం అదే పని చేస్తది.

ఒక్కటి కలుపుత. ‘టు’ తీసి ‘అండ్’ పెట్టుడు అందరికీ అలవాటైంది, రెండూ ఒకటే అనుకుంటరు. ‘ఐ స్టాప్డ్ బై టు రిటర్న్ ద బుక్, బట్ యు వర్ అవుట్’ మంచిగనే ఉంది: ఇయ్యనీకి వచ్చిన, మీరు లేరు, పుస్తకం నా చేతిలనే ఉంది. ‘స్టాప్డ్ బై అండ్ రిటర్న్డ్ ద బుక్’ అంటే వచ్చి ఇచ్చేసిన అని. దాని ఎనక ‘బట్ యు వర్ అవుట్’ పెడితే ఎవరికిచ్చినవ్ అని అడుగుతరు. పని అయిందా లేదా అన్నది ‘టు’ చెప్పదు, ‘అండ్’ చెప్తది.

పరీక్షలవేట:
‘సెట్ అవుట్’ దగ్గర ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. కానీ నల్లబల్ల గారూ, పరీక్ష హాల్లో ఒక్కో ప్రశ్నకు అర నిమిషం దొరకడమే గగనం. మూడు పనులు చేసే తీరిక ఎక్కడిది? పైగా ఏది పర్పస్, ఏది పూరకం అని ప్రశ్నలో అడగరు. తప్పెక్కడుందో అడుగుతారు.

ఎర్రసిరా:
అదీ అసలు మాట. మీరంతా పేర్లు పెట్టే పనిలో ఉన్నారు, మార్కులు పోయేది వేరే చోట.

మొదటిది ‘ఫర్’. ‘ఐ కేమ్ ఓవర్ ఫర్ గివింగ్ ద కీస్’ అని రాస్తారు. తాళాలు ‘ఇవ్వడం’ అనే నామానికి ‘కి’ చేర్చి ‘ఇవ్వడానికి’ చేశాం కదా, దాన్ని ముక్కకు ముక్క దించితే ‘ఫర్ గివింగ్’ వస్తుంది. అంటే మీ ‘డానికి’ చిట్కాయే ఈ తప్పుకు పుట్టిల్లు. వెనక క్రియ అయితే ‘టు గివ్’, నామం అయితే ‘ఫర్’: ‘కేమ్ ఓవర్ ఫర్ కాఫీ’. వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేటప్పుడు మాత్రం ‘ఫర్ కటింగ్’ చెల్లుతుంది, ‘దిస్ నైఫ్ ఈజ్ ఫర్ కటింగ్ బ్రెడ్’ లాగా.

రెండోది ‘లుక్ ఫార్వర్డ్ టు మీట్’. ఇక్కడి ‘టు’ విభక్తి లాంటిది, ఇన్ఫినిటివ్ గుర్తు కాదు. వెనక ఒట్టి నామం పెట్టి చూడండి: ‘లుక్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’ నిలబడింది, కాబట్టి క్రియకు ‘ఇంగ్’ తగిలించాలి, ‘మీటింగ్’. ‘గెట్ అరౌండ్ టు కాలింగ్’, ‘ఓన్ అప్ టు బ్రేకింగ్’ ఈ కుటుంబమే. ‘డ్రాప్ ఇన్ టు సంక్రాంతి’ అనలేం, కాబట్టి అక్కడ ‘టు మీట్’. ఈ పరీక్షకు ఐదు సెకన్లు చాలు.

మూడోది ‘నాట్’. ‘షి స్లిప్డ్ అవుట్ నాట్ టు వేక్ ద బేబీ’ అని రాసి సరే అనుకుంటారు. పాప లేవకుండా అని చెప్పాలంటే ‘సో యాజ్ నాట్ టు వేక్’ రాయాలి.

‘గివ్ అప్’ కూడా చూసుకోండి. ‘గేవ్ అప్ టు స్మోక్’ అని ఎర్ర గీత పడనివాడు అరుదు. మానేసింది ‘స్మోకింగ్’, ఎందుకంటే ‘టు సేవ్ మనీ’. ఒకే వాక్యంలో రెండూ: ‘గేవ్ అప్ స్మోకింగ్ టు సేవ్ మనీ’.

నల్లబల్ల:
ఎర్రసిరా గారి సంక్రాంతి పరీక్ష బాగుంది, తీసుకుంటున్నాను. కానీ పేర్లు పెట్టడం వృథా అనకండి. ‘హి టర్న్డ్ డౌన్ యాన్ ఆఫర్ టు స్టే ఇన్ వైజాగ్’. ఇందులో వ్యాకరణ తప్పు ఒక్కటీ లేదు. మరి ఆయన వైజాగ్‌లో ఉన్నాడా, వెళ్లిపోయాడా?

గోదారిగట్టు:
రెండూ కావచ్చు! ‘టు స్టే’ని ‘ఆఫర్’కి అంటగడితే వైజాగ్‌లో ఉండమన్న ఆఫర్ వద్దన్నాడు, ఊరు వదిలాడు. ‘టర్న్డ్ డౌన్’కి అంటగడితే వైజాగ్‌లోనే ఉండడానికి ఎక్కడిదో ఆఫర్ వద్దన్నాడు, ఊళ్లోనే ఉన్నాడు. ‘డానికి’ కూడా చేతులెత్తేస్తుంది. ‘వైజాగ్‌లో ఉండడానికి ఆఫర్ వదులుకున్నాడు’ అన్నా కాస్త తడబాటే.

ఎర్రసిరా:
ఉన్నాడని చెప్పాలంటే ‘టు స్టే ఇన్ వైజాగ్’ని ముందుకు లాగి కామా పెట్టండి, లేదా ‘సో యాజ్ టు స్టే’ రాయండి. వెళ్లిపోయాడని చెప్పాలంటే ‘టర్న్డ్ డౌన్ యాన్ ఆఫర్ దట్ వుడ్ హావ్ కెప్ట్ హిమ్ ఇన్ వైజాగ్’. ‘టర్న్డ్ ద ఆఫర్ డౌన్ టు స్టే’ అని ‘డౌన్’ని వెనక్కి జరిపినా ఉన్నాడన్న వైపే మొగ్గుతుంది, ఎందుకంటే ‘ఆఫర్’కీ ‘టు’కీ మధ్య ‘డౌన్’ అడ్డం వచ్చింది.