వంశధార నోట్లో పండుగప్పకి ఏ ఎర, ఏ సామాను?

ప్రశ్న: కార్తీకంలో కళింగపట్నం దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట పండుగప్పకి గేలం వేద్దామని ఉంది. రాడ్డు, దారం ఏవి కొనాలి? ఫ్లై (ఈకలు, వెంట్రుకలతో కట్టిన తేలికపాటి ఎర) పనికొస్తుందా?

జవాబు: 7–8 అడుగుల మీడియం హెవీ రాడ్డు, 4000 సైజు రీలు, 30 పౌండ్ల బలమున్న బ్రెయిడ్ (అల్లిన దారం) చాలు. అసలు సంగతి లీడరు, అంటే గేలానికీ బ్రెయిడ్‌కీ మధ్య కట్టే దారం ముక్క. చివర మూరన్నర 40 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) కట్టి తీరాలి. పండుగప్ప మొప్ప అంచు బ్లేడే, తల విదిలిస్తే బ్రెయిడ్ పుటుక్కుమంటుంది. ముడి తడిపి బిగించండి. పొడిగా లాగితే రాపిడికి బలం పోతుంది.

జవాబు: ఫ్లై భేషుగ్గా పనికొస్తుంది అన్నా. 9 వెయిట్ (రాడ్డు బలం చెప్పే నంబరు) ఫ్లై రాడ్డు, 2/0 సైజు ముల్లు మీద కట్టిన తెల్ల క్లౌజర్ (చిన్నచేపలా కనిపించే ఫ్లై). వరదనీరు ఇంకా ఎర్రగా ఉంటే నల్లది. పాటు (నీరు సముద్రం వైపు తీయడం) మొదలయ్యాక పిల్లకాలువల నోటి దగ్గర వేయండి, చిన్నచేపలు అటే కొట్టుకొస్తాయి.

జవాబు: లూర్‌తో (చేప ఆకారపు కృత్రిమ ఎరతో) వచ్చే నాసి మూడుముళ్ల గేలాలు మార్చేయండి, పెద్దది పడితే సాగిపోతాయి. తుఫాను కబురుంటే మాత్రం అటు పోకండి.