పరాభవ ఉగాది వేడుకలో సహాయ బల్ల: వాలంటీర్ల ప్రణాళిక చర్చ

సమన్వయకర్త:

కార్యవర్గ సభ్యులకు, వాలంటీర్లందరికీ నమస్కారం.

మార్చి 19, గురువారం నాడు పరాభవ నామ సంవత్సర ఉగాది వస్తోంది. అది పనిదినం కనుక మన వేడుకను 22వ తేదీ ఆదివారం కమ్యూనిటీ క్లబ్ హాలులో జరుపుకోవాలని నిర్ణయించుకున్నాం. పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాలు, భోజనాల గురించి విడిగా చర్చలు నడుస్తున్నాయి కాబట్టి ఇక్కడ ఒక్క విషయమే తేల్చుకుందాం. సింగపూర్‌లో కష్టాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు, డార్మిటరీల్లో ఉంటున్న మన కార్మికులకు ఈ వేడుక ద్వారా సంఘం ఏ సాయం చేయాలి?

గత దీపావళికి మనం బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు సర్దిన సంచులు పంచాం. ఎవరికి అవసరమో తెలిసినవారిని అడిగి జాబితా రాసుకున్నాం. పండుగ అయ్యాక చూసుకుంటే ఒకే ఇంటికి మన సంచి, ఒక భక్తబృందం ఇచ్చిన సంచి, మరెవరో స్నేహితులు ఇచ్చిన సంచి మూడూ చేరాయని తెలిసింది. అదే బ్లాకులో రెండంతస్తుల పైన, భర్తకు పక్షవాతం వచ్చి నెలల తరబడి కరెంటు, నీటి బిల్లులు కట్టలేక కూర్చున్న కుటుంబం ఎవరి జాబితాలోనూ లేదు. ఆ ఇల్లాలి ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే సోషల్ సర్వీస్ ఆఫీసు ఉంది. అలాంటిది ఒకటి ఉందని ఆమెకు చెప్పినవారు లేరు. మనలో చాలామందికి కూడా ఆ ఆఫీసు పేరు తప్ప పని తెలియదు. అప్పటి నుంచి ఆ విషయం నా మనసులో కలుక్కుమంటూనే ఉంది.

అందుకని నా ప్రతిపాదన ఇది. ఈసారి సంచులు పంచడం మాని, హాలులో ఒక సహాయ బల్ల పెడదాం. అక్కడ మనం డబ్బూ ఇవ్వం, సరుకులూ ఇవ్వం. వచ్చినవారి కష్టం విని, అది ఏ ప్రభుత్వ కార్యాలయం పరిధిలోకి వస్తుందో చెప్పి, కావలసిన పత్రాల పట్టిక తెలుగులో చేతికిచ్చి, వారు కోరితే ఆ వారంలోనే తోడు వెళ్దాం.

సోషల్ సర్వీస్ ఆఫీసు ఎందుకు పుట్టిందో కొంత చెప్పాలి. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాల కోసం ప్రభుత్వం కామ్‌కేర్ అనే సహాయాన్ని 2005లో మొదలుపెట్టింది. మొదట్లో దాన్ని ఐదు కమ్యూనిటీ డెవలప్‌మెంట్ కౌన్సిళ్ళ ద్వారా అందించేవారు. ద్వీపం మొత్తాన్ని ఐదు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఎంత పెద్దదో మీకు తెలుసు. ముసలివారు, చంటిపిల్లల తల్లులు అంత దూరం పోయి రావడం కష్టమయ్యేది. పైగా డబ్బు సాయం ఒక చోట, కుటుంబ కలహాలకు సలహా మరో చోట, ఉద్యోగం వెతికిపెట్టడం ఇంకో చోట ఉండటంతో అదే కథను ప్రతి కౌంటరు దగ్గరా మొదటి నుంచీ చెప్పుకోవలసి వచ్చేది. 2013లో తమాన్ జురాంగ్‌లో మొదటి సోషల్ సర్వీస్ ఆఫీసు తెరిచారు. తర్వాత వాటి సంఖ్య 24కు పెరిగింది, కామ్‌కేర్ పని వాటి చేతికి వచ్చింది. అర్హులకు డబ్బు సాయం మంజూరు చేయడం ఆ ఆఫీసు పనుల్లో ఒకటి మాత్రమే. ఆ పట్టణంలోని ఫ్యామిలీ సర్వీస్ సెంటర్లను, స్వచ్ఛంద సంస్థలను, మత సంస్థలను, వాలంటీర్లను ఒక చోట కూర్చోబెట్టి, ఎవరు ఏ ఇంటికి ఏం చేస్తున్నారో కలిపి చూడటం రెండో పని. గత దీపావళికి మూడు సంచులు ఒకే ఇంటికి వెళ్ళినప్పుడు మనకు లోపించింది సరిగ్గా ఆ రెండో పనే. మన సంఘం ఇంతవరకు అలాంటి సమావేశానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

అభ్యంతరాలు, సూచనలు రాయండి.

భోజనాల విభాగం నుంచి:

సమన్వయకర్త గారికి ఆశీస్సులు. మీరు రాసినది శ్రద్ధగా చదివాను. నాకు రెండు విషయాలు మింగుడుపడటం లేదు.

మొదటిది, పండుగనాడు మన పిలుపు మీద వచ్చిన మనిషిని కాగితం ఇచ్చి పంపడం. ఆకలికి ఆఫీసు చిరునామా జవాబు కాదు కదా. రెండోది ఇంకా పెద్దది. ఉన్నంతలో మంచి చీర కట్టుకుని, పిల్లకు పట్టు పరికిణీ వేసి, నలుగురిలో తలెత్తుకుని నిలబడదామని వచ్చిన ఇల్లాలు, ‘సహాయ కేంద్రం’ అని పెద్ద అక్షరాలతో రాసిన బల్ల దగ్గరకు అందరూ చూస్తుండగా వస్తుందా? నేను ఈ దేశానికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మన వాళ్ళు పస్తులైనా ఉంటారు గానీ తమ ఊరివారి ముందు చెయ్యి చాపరు. ఆ మాట ఫలానా వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి ఊళ్ళో అత్తగారింటికి చేరుతుందని వారి భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, అలా చేరిన సందర్భాలు నాకు తెలుసు. కాబట్టి బల్ల పెడితే, అక్కడ కూర్చోవడం వల్ల ఎవరి పరువూ పోని విధంగా పెట్టండి. లేకపోతే వాలంటీర్లు మాత్రమే కూర్చుని లేచి వస్తారు.

డార్మిటరీల బృందం నుంచి:

అందరికీ నమస్కారం. సహాయ బల్ల ఆలోచనను నేను సమర్థిస్తున్నాను. అయితే సమన్వయకర్త గారు చెప్పిన కార్యాలయం మా బృందం ఆదివారాలు కలిసే వారికి వర్తించదని అందరూ గుర్తుంచుకోవాలి. కామ్‌కేర్ సింగపూర్ పౌరుల, శాశ్వత నివాసుల కుటుంబాల కోసం ఉన్నది. వర్క్ పర్మిట్ మీద శ్రీకాకుళం నుంచో జగిత్యాల నుంచో వచ్చి నిర్మాణ పనుల్లోనో షిప్‌యార్డులోనో ఉన్న తమ్ముడిని సోషల్ సర్వీస్ ఆఫీసుకు పంపితే, అతడు ఉన్న ఒక్క సెలవును పోగొట్టుకుని తిరిగివస్తాడు. రెండోసారి మన మాట నమ్మడు.

వారికి వేరే వ్యవస్థ ఉంది, అది పుట్టిన కథ మన కళ్ళ ముందు జరిగినదే. కరోనా వ్యాపించి, 2020 ఏప్రిల్ 5న పుంగోల్‌లోని ఎస్11, తో గువాన్‌లోని వెస్ట్‌లైట్ డార్మిటరీలను ఐసోలేషన్ ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు, సుమారు ఇరవై వేల మంది కార్మికులు రాత్రికి రాత్రి గదులకే పరిమితమయ్యారు. వారికి భోజనం, మందులు, జీతం, ఇంటికి ఫోన్ చేసుకునే వీలు చూడటానికి ప్రభుత్వం వివిధ శాఖల నుంచి మనుషులను తీసి ఫాస్ట్ అనే సహాయ బృందాలను డార్మిటరీలకు పంపింది. అత్యవసరంగా మొదలైన ఆ పనే అదే ఏడాది మ్యాన్‌పవర్ మంత్రిత్వ శాఖలో ఏస్ గ్రూపు అనే శాశ్వత విభాగంగా స్థిరపడింది. ఇప్పుడు డార్మిటరీల్లో ఫాస్ట్ అధికారులు తిరుగుతుంటారు, కార్మికుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలతో కలిసి పని చేస్తారు. మన తమ్ముళ్ళలో చాలామంది ఆ అధికారిని చూస్తే యజమాని తరఫు మనిషి అనుకుని తప్పుకుంటారు. ఆ అపోహను తెలుగులో, నమ్మిన మనిషి నోటితో పోగొట్టడం మనం చేయగలిగిన పని.

బల్ల దగ్గర కూర్చునేవారు కంఠతా పట్టవలసిన గడువులు, హక్కులు కొన్ని ఉన్నాయి. జీతం బకాయి ఉంటే, ఉద్యోగంలో కొనసాగుతున్నవారు ఆ జీతం రావలసిన రోజు నుంచి ఏడాదిలోపు, ఉద్యోగం వదిలినవారు ఆఖరి రోజు నుంచి ఆరు నెలల్లోపు ఉద్యోగ వివాదాలను పరిష్కరించే టీఏడీఎం అనే సంస్థలో ఫిర్యాదు చేయాలి. పనిలో గాయపడితే నష్టపరిహారం కోరడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడాది గడువు ఉంటుంది. 2023 జూలై నుంచి వర్క్ పర్మిట్ కార్మికుడికి యజమాని ఏడాదికి కనీసం 60,000 డాలర్ల వైద్య బీమా చేయించాలి. ఇంకో ఆరు నెలలు చూద్దాం, సేఠ్ ఇస్తానన్నాడు అని ఆగి హక్కు పోగొట్టుకున్నవారిని నేను చూశాను. యజమానితో నేరుగా మాట్లాడటానికి భయపడేవారికి, కార్మిక సంఘాల సమాఖ్య, యజమానుల సమాఖ్య కలిసి 2009లో పెట్టిన మైగ్రంట్ వర్కర్స్ సెంటర్ ఉంది.

ఒక మనవి. కార్మికులు హాలుకు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆదివారం కూడా సగం పూట ఓవర్‌టైమ్ చేసి వచ్చేవారే ఎక్కువ. బల్లను భోజనాలతో పాటే ఎత్తేయకుండా సాయంత్రం ఆరు వరకు ఉంచాలి.

సమన్వయకర్త:

పిన్నిగారూ, మీరు చెప్పిన రెండో మాట నేను ఆలోచించనే లేదు. బల్ల మీద ‘సహాయం’ అన్న పదమే రాయకుండా ‘పత్రాలు, దరఖాస్తులు’ అని మాత్రం రాద్దాం. పిల్లల బడి దరఖాస్తు, పాస్‌పోర్టు నవీకరణ, భారతీయుల అభివృద్ధి సంస్థ అయిన సిండా ట్యూషన్ వివరాలు కూడా అదే చోట చెబుదాం. అప్పుడు డాక్టరు గారి భార్య, బిల్లు కట్టలేని ఇల్లాలు పక్కపక్కనే కూర్చున్నా ఎవరు దేనికి వచ్చారో తెలియదు. సిండా పేరు ఊరికే ఎత్తలేదు. 1991లో ఏర్పడిన ఆ సంస్థకు మనలో ఉద్యోగం చేస్తున్న పౌరులు, శాశ్వత నివాసులు, ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఉన్నవారు ప్రతి నెలా జీతం నుంచి చందా కడుతూనే ఉన్నారు, అయినా అక్కడ భారతీయ కుటుంబాల పిల్లలకు తక్కువ ఖర్చుతో ట్యూషన్లు దొరుకుతాయని తెలియనివారు మనలోనే ఉన్నారు. లోతుగా మాట్లాడవలసినవారికి హాలు వెనుక ఉన్న చిన్న గది తీసుకున్నాను. ఆ గదిలో ఒక్కరే వాలంటీరు ఉంటారు. వచ్చినవారు కోరితే ఆ వాలంటీరు తమ జిల్లాకు చెందని మనిషి అయ్యేటట్టు చూద్దాం.

డార్మిటరీల బృందం చెప్పినట్టు మొదట అడగవలసిన ప్రశ్న ‘మీ కష్టమేమిటి’ అని కాదు, ‘మీ దగ్గర ఏ పాస్ ఉంది’ అని. దాన్ని బట్టే దారి మారుతుంది. బల్ల సాయంత్రం ఆరు వరకు ఉంటుంది.

భాష గురించి ఒక మాట. ఇక్కడి నాలుగు అధికార భాషల్లో తమిళం ఉంది, తెలుగు లేదు. బడుల్లో మాతృభాషగా నేర్పే భారతీయ భాషల్లో కూడా తెలుగుకు చోటు లేనందువల్ల మన పిల్లలు తమిళమో హిందీయో చదువుకుంటున్నారు. కౌంటరు దగ్గర తమిళం తెలిసిన ఉద్యోగి దొరికినా, మన పెద్దవారు తమ కష్టాన్ని తమిళంలో సగం, సైగల్లో సగం చెప్పి వస్తారు. కష్టం సగం చెబితే సాయం కూడా సగమే వస్తుంది. మనం తోడు వెళ్ళడం అంటే ఆ మిగిలిన సగాన్ని అందించడం. ఈ పని కార్యాలయం తనంతట తాను చేసుకోలేదు, మనలాంటివారి వల్లే అవుతుంది.

కోశాధికారి:

అందరికీ నమస్కారం. రెండు విషయాలు స్పష్టంగా నమోదు చేయమని కోరుతున్నాను.

2019 సెప్టెంబరు 1 నుంచి, చట్టం అడిగితేనో, మనిషి గుర్తింపును కచ్చితంగా నిర్ధారించక తప్పనప్పుడో తప్ప, సంస్థలు ఎవరి ఎన్‌ఆర్‌ఐసీ (జాతీయ గుర్తింపు కార్డు) నంబరునూ సేకరించరాదు. గత దీపావళి జాబితాలో కొందరి నంబర్లు కూడా రాశారు. ఆ కాగితాలు నా దగ్గరకు చేర్చండి, చించి నాశనం చేస్తాను. బల్ల దగ్గర మనం ఎలాంటి జాబితా రాయవద్దు. తోడు రావాలని కోరినవారు మాత్రం తమ పేరు, ఫోన్ నంబరు తామే రాసి ఇస్తారు, పని పూర్తయ్యాక ఆ చీటీ వారికే తిరిగి ఇచ్చేద్దాం. ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల్లోకి వెళ్ళడానికి వాడే సింగ్‌పాస్ పాస్‌వర్డును, ఎవరిదైనా సరే, వాలంటీర్లు చూడకూడదు. దరఖాస్తు నింపడంలో సాయం చేయవచ్చు, సంతకం మాత్రం వారే చేయాలి.

ఇక సరుకుల డబ్బు. పత్రాలన్నీ ఇచ్చాక కూడా కామ్‌కేర్ నిర్ణయానికి కొన్ని వారాలు పడుతుంది. పిన్నిగారు అడిగిన ఆకలి ప్రశ్న ఆ వారాలకే వర్తిస్తుంది. పైగా ఏ కార్యాలయం తలుపూ తెరుచుకోనివారు మనలో ఉన్నారు: ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉండి ఉద్యోగం పోయి, పాస్ రద్దయ్యాక కొద్ది రోజుల్లో ఇల్లు ఖాళీ చేసి పిల్లలను బడి మాన్పించి వెళ్ళవలసిన కుటుంబాలు. వీరికి కామ్‌కేర్ లేదు, డార్మిటరీ అధికారులూ లేరు. నిన్నటి వరకు సంఘానికి చందా ఇచ్చినవారు కావడం వల్ల అడగడానికి ఇంకా సిగ్గుపడతారు. కాబట్టి సంచుల కోసం కేటాయించిన మొత్తాన్ని పంచడానికి వాడకుండా, ఈ రెండు రకాలవారి కోసం అలాగే ఉంచాలని ప్రతిపాదిస్తున్నాను. ఖర్చు పెట్టే ముందు కార్యవర్గంలో ఇద్దరి ఆమోదం చాలు, పేరు మూడో మనిషికి చెప్పనవసరం లేదు.

భోజనాల విభాగం నుంచి:

కోశాధికారి గారి పద్ధతి నాకు సమ్మతమే. అలాగైతే సంచుల మాట నేను ఇక ఎత్తను. ఒక్క మార్పు చేయండి. బల్లను ముఖద్వారం దగ్గర కాకుండా ఉగాది పచ్చడి పెట్టే చోటు పక్కన వేయండి. పచ్చడి కోసం అందరూ ఎలాగూ అక్కడికి వస్తారు, ఇద్దరు ముగ్గురు ఆగి మాట్లాడినా ఎవరూ పట్టించుకోరు. మధ్యాహ్నం దాటాక వచ్చే కార్మికుల కోసం పులిహోర, పప్పు, బొబ్బట్లు ఎనభై మందికి విడిగా తీసి ఉంచుతాను. చల్లారిన అన్నం వారికి పెట్టవద్దని వడ్డించేవారికి ముందే చెబుతాను.

సమన్వయకర్త:

అలాగే చేద్దాం పిన్నిగారూ. పచ్చడి పక్కనే బల్ల.

మిగిలిన పనులు ఇవి. మా పట్టణంలోని సోషల్ సర్వీస్ ఆఫీసుకు ఈ వారమే వెళ్ళి, 22వ తేదీన ఒక అధికారిని పంపగలరా అని, పంపలేకపోతే మన వాలంటీర్లకు ముందుగా ఒక పూట శిక్షణ ఇవ్వగలరా అని నేను అడుగుతాను. వారు జరిపే స్థానిక సంస్థల సమావేశాల్లో మన సంఘాన్ని చేర్చమని కూడా ఉత్తరం ఇస్తాను. ఫాస్ట్ అధికారులతో మాట్లాడే బాధ్యత డార్మిటరీల బృందానిది. పత్రాల పట్టికను తెలుగులో రాసే పనికి ఇద్దరు కావాలి. ఆదాయం, అద్దె, బకాయి వంటి మాటలు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉండాలి. తమిళం బాగా వచ్చినవారు, పనిదినాల్లో ఉదయం ఒక గంట తోడు వెళ్ళగలిగినవారు ఎవరున్నారో ఈ శుక్రవారంలోగా ఇక్కడే రాయండి. ఇప్పటికి నాకు నలుగురు మాట ఇచ్చారు, కనీసం ఇంకా ఆరుగురు కావాలి.